‘మా ఇల్లు’ అంటే ఎవరి ఇల్లు?

కుటుంబ ఆస్తులను గురించి పాఠక సోదరసోదరీమణులు వ్రాసే ఉత్తరాలను మేము రెండు మూడుసార్లు చదువుకోవలసి వస్తున్నది. ‘మా తాతగారి ఇంటిలో మా నాన్నగారి వాటాపై నేను కట్టించిన గదులలో, పెళ్ళయిన చెల్లెలికి భాగముంటుందా?’ అన్న ధోరణిలో ఉంటాయవి. ఒక్క వాక్యంలో మూడు తరాలు! ‘మా’ అన్న మాట అనుబంధాన్ని తెలుపుతుందే గాని హక్కును తెలుపదు. క్వార్టర్సులో బ్రతుకు గడిపి, దాచుకున్న సొమ్మంతా స్వగ్రామంలోని ఇంటిపై వెచ్చించిన ఉద్యోగికి ఈ తేడా చిన్నది కాదు.

హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల వరకు ఈ చిక్కుముడిని విప్పి చూద్దాం. మొదట తేలవలసినది ఆ ఇల్లు తాతగారి స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది. స్వార్జితమై, 1956 చట్టం వచ్చిన తరువాత ఆయన వీలునామా లేకుండా మరణించి ఉంటే, భార్య, కుమారులు, కుమార్తెలు, జీవించి ఉంటే ఆయన తల్లి సమాన వారసులు. అలా తండ్రికి సంక్రమించిన వాటా ఆయన సొంత ఆస్తియేనని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. కనుక ఆయన జీవించి ఉండగా కొడుకుకుగాని కూతురుకుగాని అందులో వాటా లేదు. గదులు కట్టించినంత మాత్రాన స్థలం కొడుకుది కాబోదు. తండ్రి వీలునామా వ్రాయకుండా కన్నుమూస్తే చెల్లెలికీ సమాన భాగముంటుంది; పెళ్ళి అడ్డు కాదు.

ఉమ్మడి పిత్రార్జితమైతే దారి వేరు. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకు జన్మహక్కు కల్పించినా, అప్పటికే వివాహమైనవారిని మినహాయించింది. 2005 నాటి కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలు చెదరవు.

నామినీగా పేరున్నవారే యజమానులనుకోవడం మరొక పొరపాటు. బ్యాంకు డిపాజిట్ల సొమ్మును నామినీ అందుకుంటారు. వారసుల హక్కు మాత్రం నిలిచే ఉంటుంది.

కావున ఉత్తరం వ్రాసేముందు దస్తావేజు ఎవరి పేర ఉన్నదో, ఆస్తి వారికెట్లా వచ్చిందో, వారు ఏ సంవత్సరంలో మరణించారో, వీలునామాగాని పంపకంగాని జరిగిందో లేదో, వారసులెవరో వరుసగా వ్రాసుకొనవలసిందిగా కోరుతున్నాము. ఆ కాగితంతో న్యాయవాదిని సంప్రదించవచ్చు. పెద్దలు జీవించి ఉన్నట్లయితే, అక్కచెల్లెళ్ళ సమక్షంలో వారినే అడిగి తెలుసుకొనడం అన్నిటికన్నా మేలు.