కళాసేవ యను వృత్తి

చదువు ముగిసిన పిమ్మట నే వృత్తి నవలంబింపవలెనని విద్యార్థులు తలపోయునపుడు వైద్యము, ఉపాధ్యాయత్వము, ప్రభుత్వోద్యోగము మొదలగునవి తోచును గాని, కళాసేవయు నొక వృత్తి యని పెక్కుమందికి తోపదు. చిత్రములు వ్రాసి యమ్ముకొనుట తప్ప కళ నేర్చినవానికి వేఱు జీవనము లేదని తల్లిదండ్రులు తలంతురు. ఈ తలంపు సరికాదు.

కళాసేవయందు మూడు పనులు చేరియున్నవి. మొదటిది కళను బోధించుట. రెండవది కళను జనసామాన్యములోనికి గొనిపోయి వారిచేతనే చేయించుట. మూడవది నిర్వహణము; అనగా ప్రదర్శనము లేర్పఱచుట, ద్రవ్యము సమకూర్చుట, లెక్కలు వ్రాయుట, వస్తువులను భద్రపఱచుట. మొదటి రెండింటిని అందఱును మెచ్చుకొందురు. మూడవదానిని ఎవరును గమనింపరు. అయినను అది లేనిచో తక్కిన రెండును నిలువజాలవు.

ఇందుకు రాజమహేంద్రవరమే నిదర్శనము. దామెర్ల రామారావుగారు 1897వ సంవత్సరమున నచ్చట జన్మించిరి. అచ్చటి ఆర్ట్సు కళాశాల ప్రధానాచార్యులగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు తామును చిత్రకారులగుటచే నీ యువకుని ప్రతిభను కనిపెట్టి ప్రోత్సహించిరి. రామారావుగారు బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో విద్య ముగించి, తమ చిత్రములతోనే తృప్తి నొందక, 1923లో స్వస్థలమున చిత్రకళాశాలను స్థాపించి యువకులకు విద్య గఱపిరి. 1925లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే, మశూచికముచే మరణించిరి.

ఆ విద్య వారితోడనే యంతరింపవలసినదే. కాని వారి మిత్రులును చిత్రకారులును నగు వరదా వెంకటరత్నముగారు ఆ శాలను నడిపించిరి. చిత్రములు చెదరిపోలేదు. నేడు రాజమహేంద్రవరమున దామెర్ల చిత్రశాలలో మనము వానిని చూడగలుగుట కాపాడినవారి చలువయే.

మన కొండసీమ కీ పాఠము మిక్కిలి యవసరము. అరకు, పాడేరు, జి.మాడుగుల ప్రాంతములలో వివాహములందును, చైత్రమాసపు ఇటుకల పండుగయందును థింసా నృత్యము జరుగును. స్త్రీలు వెనుకనుండి చేతులు పెనవేసికొని వరుసగా నడుగులు కలుపుదురు. తుడుము, మోరి మ్రోగుచుండును. ఈ నృత్యమునకు పుస్తకము లేదు. పెద్దలను చూచి పిన్నలు నేర్తురు. చదువుకై వసతిగృహములకు పోయిన పిల్లలు పండుగనాటికి ఇంట లేనిచో ఆ నేర్పు తెగిపోవచ్చును.

యాత్రికుల యెదుట ఆడించి సొమ్ము చేసికొనుట కళాసేవ కాదు. కళాసేవకుడు మొదట ఊరిపెద్దల నడుగవలెను. ఏది యెల్లరి యెదుట నాడదగినదో, ఏది పండుగకే చెందినదో వారే నిర్ణయింపవలెను. పిమ్మట అడుగుల పేరులను, వాద్యములు చేయు విధమును వ్రాసికొనవలెను. ఆ పెద్దలనే గురువులుగా పాఠశాలకు పిలువవలెను. ఆడినవారికి రావలసిన ప్రతిఫలమును వారి చేతికే యందింపవలెను.

ఈ వృత్తికి ఏదైన నొక కళయందు పరిశ్రమ, కువి మొదలగు కొండభాషల పరిచయము, లెక్కలలో నిక్కచ్చితనము, ఓర్పు కావలెను. విశాఖపట్నమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు లలితకళల శాఖ కలదు. పాఠశాలలు, వస్తుప్రదర్శనశాలలు, ప్రభుత్వ సాంస్కృతిక సంస్థలు ఇట్టివారికి పని చూపగల తావులు. ఆదాయము మొదట స్వల్పము కావచ్చునని తల్లిదండ్రు లెఱుంగుట మంచిది.

విద్యార్థులారా! అందఱును దామెర్లవారు కాజాలరు. కాని వెంకటరత్నముగారివలె ఒకరు ప్రారంభించినదానిని నిలుపుట శ్రద్ధగల ప్రతివానికిని సాధ్యమే. మీ యూరిలో తుడుము వాయించు వృద్ధు డెవరో, ఆయనయొద్ద నేర్చుకొనువా రెందఱో ఈ సెలవులలో తెలిసికొనుడు. కళాసేవకు అదియే మొదటి మెట్టు.