చివరి మనిషికే ఒకటో నంబరు చీటీ

* ఊళ్లో ఓటా... ఉన్నచోట ఓటా?
* చెన్నై తెలుగువారు తేల్చుకోవాల్సిన లెక్క

చెన్నై: పోలింగ్ రోజు సాయంత్రం ఆరు కావస్తోంది. కేంద్రం ఆవరణలో ఇంకా జనం నిలబడే ఉన్నారు. ప్రిసైడింగ్ అధికారి నంబర్లు వేసి సంతకం పెట్టిన చీటీలు పట్టుకుని బయటికి వస్తారు. ముందున్నవాళ్లు చెయ్యి చాపుతారు. ఆయన వాళ్లని దాటుకుని తిన్నగా బారు చివరికి పోతారు. అందరికంటే వెనక ఉన్న మనిషి చేతిలో ఒకటో నంబరు చీటీ పెడతారు. అక్కడి నుంచి ముందుకు వస్తూ రెండు, మూడు, నాలుగు...

ఎన్నికల సంఘం నియమమే అది. వెనక నుంచి పంచితే ఆ తర్వాత వచ్చినవాళ్లు వరుసలో దూరే వీలుండదు. చీటీ దక్కిన ప్రతి మనిషీ ఓటు వేసేదాకా, ఎంత రాత్రయినా సరే, పోలింగ్ ఆపకూడదు. 2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్‌లో యంత్రాలు మొరాయించి కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటేదాకా ఓట్లు పడ్డాయంటే ఈ నియమం పుణ్యమే.

వరుసలో నిలబడిన మనిషి ఓటుకి ఇంత భద్రత ఉంది. అసలు వరుసదాకా రానివారి సంగతే తేలడం లేదు. చెన్నైలో బతుకుతూ నెల్లూరులోనో చిత్తూరులోనో ఓటు ఉంచుకున్నవాళ్లు, ఇల్లు మారి జాబితాలో పేరు పోగొట్టుకున్నవాళ్లు ఇందులోకే వస్తారు.

ఓటుకి అర నిమిషం

తండయార్‌పేట, కొరుక్కుపేట, వ్యాసర్పాడి, పెరంబూరు... ఉత్తర చెన్నైలో పోలింగ్ అంటే ఉదయం ఏడింటికే బారులు తీరతాయి. ఎండ ముదరకముందే పని ముగించుకోవాలని పెద్దవాళ్లు, డ్యూటీకి పోవాలని కార్మికులు తొందరపడతారు. ‘వరిసైలో వాంగ’ అని ఒకరంటే ‘లైన్లో రండమ్మా’ అని ఇంకొకరు అందుకుంటారు. మన వరుసే తమిళంలో వరిసై.

ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు వరుసలు. ఒక మగవారిని లోపలికి పంపితే ఇద్దరు ఆడవాళ్లని పంపాలన్నది పద్ధతి. వృద్ధులకి, వికలాంగులకి, చంటిపిల్లల తల్లులకి ముందు దారి ఇవ్వాలి. 85 ఏళ్లు దాటినవారు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే ఇంటి దగ్గరే ఓటు వేసే ఏర్పాటు 2024 ఎన్నికల్లో నడిచింది.

ఇక లెక్క చూద్దాం. పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా, అంటే 11 గంటలు. ఒక కేంద్రంలో 1,200 మందికి మించి ఓటర్లు ఉండకూడదని ఎన్నికల సంఘం 2025లో నిర్ణయించింది. ఆ 1,200 మందీ వస్తే మనిషికి దక్కేది 33 సెకన్లు! ఆ కాస్త వ్యవధిలోనే లోపల ముగ్గురు అధికారులని దాటాలి. మొదటివారు జాబితాలో పేరు చూసి గట్టిగా చదువుతారు. రెండోవారు ఎడమ చూపుడువేలికి సిరా పూసి, రిజిస్టరులో సంతకం పెట్టించి చీటీ ఇస్తారు. మూడోవారు చీటీ తీసుకుని యంత్రాన్ని సిద్ధం చేస్తారు. మీట నొక్కాక పక్కనున్న అద్దంలో గుర్తు ఏడు సెకన్లు కనిపిస్తుంది.

అయితే చెన్నైలో 1,200 మందీ వచ్చే రోజు ఎక్కడ? 2024 ఏప్రిల్ 19న లోక్‌సభ ఎన్నికల్లో తమిళనాడు మొత్తం మీద దాదాపు 70 శాతం ఓట్లు పడ్డాయి. ఉత్తర చెన్నైలో అది 60 శాతం. దక్షిణ, మధ్య చెన్నైల్లో 54 దగ్గరే ఆగింది. ఆ లెక్కన మనిషికి ఒక నిమిషం చిక్కినట్లే. అయినా గంటలకొద్దీ నిలబడాల్సి వస్తోందంటే అందరూ పొద్దున్నే రావడమే కారణం. మధ్యాహ్నం రెండు గంటల వేళ అదే బడి వరండా బోసిగా ఉంటుంది.

రెండు రాష్ట్రాలు... ఒక్క వేలు

2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 11న, తమిళనాడులో 18న పోలింగ్ జరిగింది. 2024లో తమిళనాడు ఏప్రిల్ 19న, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మే 13న ఓటు వేశాయి. తేదీలు వేరైతే చాలు, ‘అక్కడా వేసి ఇక్కడా వెయ్యొచ్చు కదా’ అన్న మాట మనవాళ్ల మధ్య వినబడుతుంది.

కుదరదు. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. తెలిసి తప్పుడు ధ్రువీకరణ ఇస్తే ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. సార్వత్రిక ఎన్నికల్లో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే రెండు ఓట్లూ చెల్లవని 1951 చట్టంలో ఉంది. పైగా వేలి మీది సిరా ఊరుకోదు. 1962 నుంచి మైసూరు పెయింట్స్ సంస్థ తయారుచేస్తున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. గోరు పెరిగి పోయేదాకా గుర్తు మిగులుతుంది. సిరా గుర్తుతో వచ్చినవారిని ఓటు వెయ్యనివ్వకూడదన్నది నిబంధన.

ఊళ్లో ఓటు ఉంచుకున్నవారికి వారి కారణాలు వారికున్నాయి. అక్కడ పొలముంది, అమ్మానాన్నలున్నారు, రేషను కార్డుంది. పోలింగుకి ముందురోజు మాధవరం బస్టాండులో సంచులతో నిలబడేవారికి ఓటంటే ఊరితో తెగని బంధం. 2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ 80 శాతం దాటడంలో అలా వెళ్లినవారి పాలూ ఉంది. తప్పు పట్టాల్సిన పనిలేదు. కాకపోతే ఆ ఎంపికకి ఒక ఖరీదుంది.

ఇక్కడి పని ఇక్కడి ఓటుతోనే

వాన పడితే ఇంట్లోకి వచ్చే వరద... దాన్ని చూసుకోవాల్సింది చెన్నై కార్పొరేషన్. నగరంలో 200 వార్డులున్నాయి. 2022 ఫిబ్రవరి 19న ఆ వార్డులకి ఎన్నికలు జరిగితే ఓటేసినవారు 44 శాతం లోపే. నూటికి యాభై ఆరుగురు బయటే ఉండిపోయారు.

బడి సంగతీ అంతే. 2006లో తమిళనాడు అసెంబ్లీ పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. తెలుగు మాధ్యమం పిల్లలు పదో తరగతిలో తమిళ పరీక్ష ఎలా రాయాలన్న సమస్య వచ్చింది. మినహాయింపు కోసం భాషా మైనారిటీలు హైకోర్టుకి, సుప్రీంకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. ఆ చట్టం జార్జి కోటలో తయారైంది. అందులో కూర్చునేవారిని ఎన్నుకునేది ఇక్కడి ఓటరు. ఊళ్లో వేసిన ఓటు ఈ కోట గుమ్మందాకా రాదు.

నిన్నటి మద్రాసులో

చెన్నై ఓటుతో తెలుగువారి బంధం నిన్నటిది కాదు. టీ నగర్‌లోని పానగల్ పార్కు పక్కన రోజూ వేలమంది నడుస్తారు. ఆ పేరుగల పానగల్ రాజా కాళహస్తిలో పుట్టినవారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి హోదాలో పనిచేశారు. అప్పట్లో ఆస్తి, పన్ను ఉన్నవారికే ఓటు. ఆడవాళ్లకి ఓటు హక్కు ఇచ్చిన మొదటి బ్రిటిష్ ఇండియా రాష్ట్రం కూడా 1921లో మద్రాసే.

కూలీకీ, జమీందారుకీ ఒకే వరుస వచ్చింది మాత్రం మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే. 1952 జనవరిలో ఇక్కడ అభ్యర్థికో పెట్టె చొప్పున వరుసగా పెట్టారు. పెట్టె మీది గుర్తు చూసి ఓటు కాగితం అందులో వేయడమే. అదే ఏడాది ‘మద్రాస్ మనదే’ నినాదం మార్మోగింది. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మద్రాసులోనే ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు నగరం మాత్రం రాలేదు. ఇల్లూ వాకిలీ ఉన్న తెలుగువారు ఇక్కడే ఉండిపోయారు. రాష్ట్రం మారినా వాళ్ల ఓటు మారలేదు.

పేరుందా... చూసుకున్నారా?

వరుసలో రెండు గంటలు నిలబడ్డాక ‘మీ పేరు ఇక్కడ లేదు’ అనిపించుకోవడం కంటే కష్టం మరొకటి లేదు. 2025 నవంబరులో తమిళనాడులో ఇంటింటికీ ఫారాలు పంచి ఓటర్ల జాబితాని ప్రత్యేకంగా సవరించారు. డిసెంబరు 19న వెలువడిన ముసాయిదాలో రాష్ట్రమంతటా 97 లక్షలకు పైగా పేర్లు లేవు. చెన్నై జిల్లాలోనే 14 లక్షలు దాటాయి. చనిపోయినవారు, ఇల్లు మారినవారు, రెండుచోట్ల పేరున్నవారు అందులో ఉన్నారు. ఆ తర్వాత దరఖాస్తుల మీద కొందరి పేర్లు తిరిగి చేరాయి. అద్దె ఇళ్లు మారుతూ ఉండేవారు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

ఓటర్లు గుర్తుంచుకోవాల్సినవి:

* కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6, ఇల్లు మారినా తప్పులు దిద్దాలన్నా ఫారం 8. సందేహాలుంటే 1950కి ఫోన్ చెయ్యొచ్చు.

* ఇంటికి వచ్చే ఓటరు చీటీ ఒక్కటే చాలదు. ఓటరు కార్డు గానీ, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు వంటి అనుమతించిన గుర్తింపు పత్రం గానీ తీసుకెళ్లాలి. అయితే ఏ కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు.

* మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారా? తిరిగి రావద్దు. మీరే అసలు ఓటరని తేలితే కాగితం మీద టెండర్డ్ ఓటు వేసే హక్కుంది. 2018లో విజయ్ ‘సర్కార్’ సినిమాతో చాలామందికి తెలిసిన 49పి నిబంధన ఇదే.

* సాయంత్రం ఆలస్యమైందని ఇంట్లో ఆగిపోవద్దు. ఆరు గంటలలోపు ఆవరణలోకి చేరితే చాలు. అందరికంటే చివరివారైతే ఒకటో నంబరు చీటీ మీదే.