గోరంత నెత్తురు – కొండంత లెక్క

చక్కెర వ్యాధి పట్నాల్లో కూర్చొని తినేవాళ్ల జబ్బని మా పల్లెల్లో పెద్దలు అనుకొనేవారట. ఈనాడు చుండూరులో నాట్లకు వెళ్లే ఆడమనిషి సంచిలో కూడా షుగరు బిళ్లలు ఉంటున్నాయి. తెనాలి వెళ్లి లేబొరేటరీలో పరీక్ష చేయించుకోవాలంటే ఒక పూట కూలి పోయినట్లే. అందుకని ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న గ్లూకోమీటరులో అంకె చూసి బిళ్ల వేసుకోవడమో, మానడమో చేస్తున్నారు. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో రసాయనశాస్త్ర విద్యార్థిగా నాకు తెలిసినంతలో చెప్తాను.

వెనుకటి రోజుల్లో నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచేవారు. పచ్చబడితే కొంచెం, ఇటుకరంగు వస్తే ఎక్కువ అని లెక్క. చిక్కేమంటే, రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేగాని మూత్రంలోకి దిగదు. గట్టు పొర్లాకగాని వరద తెలియదన్నమాట.

1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు ఎలక్ట్రోడు మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిలిపి, గ్లూకోజును విద్యుత్తుతో కొలవవచ్చునని చెప్పారు. ఈ ఎంజైమును దేనినుంచి తీస్తారనుకొన్నారు? నిలవ ఉల్లిపాయల మీద నల్లటి మసిలా పట్టే ఆస్పర్జిల్లస్ నైగర్ బూజు నుంచే! ఈ ఎంజైము గ్లూకోజును పట్టుకొని దాని ఎలక్ట్రానులను లాగుతుంది. అయితే అది పెద్ద అణువు. లోపల చిక్కిన ఎలక్ట్రానులు వాటంతట అవి ఎలక్ట్రోడు దాకా రాలేవు. పెద్దకాలవ నిండుగా ఉన్నా పిల్లకాలవ లేనిదే చేను తడవదు గదా! మొదట ఆ పనికి ఆక్సిజనే దిక్కు. అది రక్తంలో ఒక్క తీరుగా ఉండదు. 1984లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనాన్ని పిల్లకాలవగా వాడి చూపారు. 1987లో కలం ఆకారంలో మీటరు బజారుకు వచ్చింది. నేటి పట్టీలు కొన్నిటిలో ఎంజైము వేరు, మధ్యవర్తి వేరు. సూత్రం మాత్రం అదే.

అనగా మీటరు చూసేది చక్కెరను కాదు, కరెంటును. మైక్రో ఆంపియర్లలో పారే ఆ కాస్త ప్రవాహాన్ని అంకెగా మార్చి చూపుతుంది.

ఒక చిన్న లెక్క. చక్కెర 100 ఉన్నప్పుడు ఒక మైక్రోలీటరు రక్తంలో ఉండే గ్లూకోజు 1 మైక్రోగ్రాము మాత్రమే. పట్టీ పీల్చే చుక్క సుమారు అంతే. అరటిపండు ఒలిచిన వేలి జిగటలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది! నిరుడు ఒకనాడు మా నాయనమ్మకు 312 చూపితే ఇంటిల్లిపాదికీ గుండె జారింది. అంతకు ముందే ఆమె చక్రకేళి ఒలిచి మా చెల్లికి పెట్టిందట. నేను చేతులు కడిగించి, ఆరనిచ్చి మళ్లీ చూస్తే 148. స్పిరిటు దూది రుద్దితే చాలదు, నీళ్లతో కడగాలి.

ఇది దొరికిపోయే తప్పు. దొరకనిది ఇంకొకటి ఉంది. ఎర్రకణాలు తగ్గిన రక్తంలో గ్లూకోజు ఎలక్ట్రోడును సులువుగా చేరుతుంది గనుక, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. కొన్ని కొత్త మీటర్లు దీన్ని సరిచేసుకొంటాయి, అన్నీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులే. అటువంటి మనిషికి 80 అని చూపితే బాగానే ఉందనుకొంటాం; అసలు చక్కెర 70కి దిగువన ఉండవచ్చు. బిళ్ల వేసుకొని పరగడుపున చేలో దిగితే ఏమవుతుంది? చెమటలు, వణుకు పుడితే అంకె ఎంతున్నా సరే, మెలకువగా ఉన్న మనిషికి ముందు పంచదార నీళ్లు పట్టాలి.

ఇక లేబొరేటరీ విలువకు, మీటరుకు నడుమ 100 పైన 15 శాతం తేడాను 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకొంటుంది. నిన్న 190, ఇవాళ 205 అని ఇంట్లో పోట్లాడుకోవడం దండగ. పట్టీల డబ్బాను మాత్రం బిగించి ఉంచాలి. తేమ తగిలితే ఎంజైము చెడుతుంది. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటరాదని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో అదెలా కుదురుతుందో ఆ రాసినవాళ్లే చెప్పాలి. మా అమ్మ మాత్రం డబ్బాకు గట్టిగా మూత పెట్టి, తాగేనీళ్ల కుండ దగ్గర, తడి తగలకుండా గూట్లో పెడుతుంది.