ఆట ముగిసింది, అలక మిగిలింది

(కమ్యూనిటీ రేడియో ఆదివారం తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



వీసాల గురించో, పన్నుల లెక్కల గురించో చెబుతానని రేడియో పెట్టినవాళ్ళు ఈ ఒక్క వారానికి నన్ను క్షమించాలి. ఇవాళ ఒక వీడియో గేమ్ గురించి మాట్లాడబోతున్నాను. "ఇంతకన్నా విషయమే దొరకలేదా నాయనా?" అని పెద్దవాళ్ళు విసుక్కోవచ్చు. ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి. ఇంట్లో కాలేజీ వయసు పిల్లలున్నవాళ్ళకి ఇది పనికొచ్చే సంగతే.

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా మేనల్లుడు కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. నేను వస్తున్నానంటే కారు దగ్గరికే ఎదురొచ్చే పిల్లాడు, ఈసారి గది దాటి రాలేదు. భోజనాల దగ్గర కూడా ఊఁ, ఆఁ తప్ప మాట లేదు. "రెండు రోజుల్నించీ ఇదే వరస తమ్ముడూ. ఏమైందిరా అంటే ఏదో ఆట చివర్లో బాగాలేదట. ఆట బాగాలేదని అన్నం మానేస్తారా ఎవరైనా?" అంది అక్క. బావగారైతే ఆ పెట్టె తీసుకెళ్ళి గరాజ్‌లో పడేస్తానని పట్టుబట్టి కూచున్నారు.

ఏ ఆటరా అని అడిగాను. "మాస్ ఎఫెక్ట్ 3, మామయ్యా" అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఎందుకంటే 2012లో, నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో, అదే ఆట పూర్తిచేసి తెల్లవారుజామున సోఫాలో నేనూ అలాగే కూచుండిపోయాను. అప్పుడు నన్ను ఏమైందని అడిగినవాళ్ళు లేరు. అందుకని వాడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కూచున్నాను.

ఇంతకీ ఆ ఆట సంగతేమిటో చెబుతాను. కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో బయోవేర్ అనే సంస్థ తయారుచేసిన మూడు భాగాల కథ ఇది. మొదటి భాగం 2007లో, రెండోది 2010లో, మూడోది 2012 మార్చి 6న వచ్చాయి. ఇరవై రెండో శతాబ్దంలో, అంతరిక్షంలో జరుగుతుంది. షెపర్డ్ అనే కమాండర్‌గా మనం ఆడతాం. ఆడా మగా అన్నది మన ఇష్టం. యాభై వేల ఏళ్ళకోసారి రీపర్లనే రాకాసి యంత్రాలు వచ్చి ఎదిగిన నాగరికతలన్నిటినీ తుడిచిపెడుతుంటాయి. ఈసారి వాటిని ఆపడం మన పని.

ఇందులో కాల్పులున్నాయి, అమెరికాలో పదిహేడేళ్ళు నిండినవాళ్ళకే అన్న గుర్తూ ఉంది. కానీ ఆడేవాళ్ళని పట్టి ఉంచింది కాల్పులు కావు, నిర్ణయాలు. మొదటి భాగంలో ఒకచోట ఇద్దరు సహచరుల్లో ఒక్కరినే కాపాడగలం, రెండోవాళ్ళు పోతారు. ఎవరిని వదిలేస్తావో నువ్వే చెప్పాలి. ఆ నిర్ణయం ఫైల్‌గా దాచి ఉంటుంది. రెండో భాగం మొదలుపెట్టినప్పుడు దాన్ని తీసుకుంటుంది, మూడో భాగం ఆ రెండిటినీ తీసుకుంటుంది. పోయినవాళ్ళు మళ్ళీ కనిపించరు, బతికినవాళ్ళు పేరు పెట్టి పలకరిస్తారు. అంటే అయిదేళ్ళపాటు సంస్థ మాతో చెప్పిన మాట ఒకటే: "నువ్వు చేసిన ప్రతి పనికీ చివర్లో లెక్క ఉంటుంది."

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఈ కథలో క్వేరియన్లని ఒక జాతి ఉంది. పని చెయ్యడానికి వాళ్ళు గెత్ అనే యంత్రాల్ని తయారుచేసుకున్నారు. ఒకనాడు ఆ యంత్రాలు, మాకు ఆత్మ ఉందా అని అడగడం మొదలుపెట్టాయి. వీళ్ళు భయపడి వాటిని చంపబోయారు. యుద్ధం వచ్చింది, ఓడిపోయి సొంత గ్రహాన్నే పోగొట్టుకున్నారు. మూడొందల ఏళ్ళుగా కోటీ డెబ్భై లక్షల మంది ఓడల్లోనే పుట్టి ఓడల్లోనే పోతున్నారు. వేరే గాలి ఒంటికి పడక, ముసుగు వేసుకుని బతుకుతారు. మనలాంటి వలసవచ్చినవాళ్ళకి ఈ కథ ఎక్కడో తగులుతుంది చూడండి.

మూడో భాగంలో ఈ రెండు పక్షాలకీ మనం సంధి చెయ్యవచ్చు. అది అందరికీ దొరకదు. వెనకటి భాగాల్లో చేసిన పనులు కూడా కలిసిరావాలి. కుదిరితే, టాలీ అనే క్వేరియన్ అమ్మాయి సొంత నేల మీద నిలబడి ముసుగు తీసి గాలి పీలుస్తుంది. మా మేనల్లుడు ఆ సంధి సాధించాడు. పన్నెండేళ్ళ క్రితం నేనూ సాధించాను. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో క్రికెట్ మ్యాచ్ గెలిచినంత గోల చేశాం.

ఇక ముగింపు. ఆఖరి యుద్ధంలో ఒళ్ళంతా గాయాలతో షెపర్డ్ పైకి చేరేసరికి, చిన్నపిల్లాడి రూపంలో ఒక యంత్రబుద్ధి ఎదురవుతుంది. యంత్రాలు ఎప్పటికైనా సృష్టించినవాళ్ళ మీద తిరగబడి తీరతాయి కాబట్టే, అది జరక్కముందే మేం కోత కోస్తున్నాం అంటుంది. మూడు దారులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. రీపర్లని నాశనం చేస్తే ఎర్రకాంతి, వాటిని అదుపులోకి తీసుకుంటే నీలికాంతి, మనుషుల్నీ యంత్రాల్నీ ఒకటిగా కలిపేస్తే ఆకుపచ్చకాంతి. 2012లో మాకొచ్చిన రూపంలో రంగు మారడం తప్ప, మిగతా దృశ్యం మూడిటికీ దాదాపు ఒక్కటే.

మేం మండిపడ్డది షెపర్డ్ చనిపోయాడని కాదు. ఈ మాట పెద్దవాళ్ళు గమనించాలి. 1953లో వచ్చిన 'దేవదాసు' చివర్లో దేవదాసు పార్వతి గుమ్మం ముందే ప్రాణం వదిలేశాడు. జనం కళ్ళు తుడుచుకున్నారే గాని కథ మోసం చేసిందనలేదు. మొదటి నించీ ఆ కథ నడుస్తున్నది ఆ గుమ్మానికే. ఇక్కడ అలా కాదు. యంత్రాలూ మనుషులూ కలిసి బతకలేరని ఆ పిల్లాడు చెబుతున్నప్పుడు, "నిన్ననే నేను వాళ్ళిద్దరికీ సంధి చేసి వచ్చాను కదా, కిందకి చూడు!" అని చెప్పే అవకాశమే మాకివ్వలేదు. అన్నేళ్ళు మా నిర్ణయాలు దాచిపెట్టుకున్న ఆట, వాటిని విప్పి చూపించవలసిన చోట నోరు నొక్కేసింది.

పైగా విడుదలకు ముందు, ఈ ఆటకి ఒకటో రకం, రెండో రకం అని లెక్కపెట్టే ముగింపులుండవని తయారుచేసినవాళ్ళే చెప్పారు. చివరికి లెక్కపెడితే మూడు రంగులు తేలాయి. అన్నీ అయిపోయాక, ఈ కథని ఇంకా కొనసాగించడానికి అదనపు భాగాలు రాబోతున్నాయనే అర్థంలో తెరమీద ఒక ప్రకటన కూడా వచ్చింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

మరి ఎందుకలా జరిగింది? అప్పుడు నాకర్థం కాలేదు గాని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడ్డాక కొంత తెలిసింది. అవును, కాదు అనే నిర్ణయాలు పది ఉంటే 1,024 రకాల కథలవుతాయి. ఇరవై ఉంటే పది లక్షలు దాటిపోతాయి. ప్రతిదానికీ సంభాషణ రాయాలి, గొంతులు రికార్డు చెయ్యాలి, బొమ్మ కదిలించాలి, పరీక్షించాలి. అది ఎవరివల్లా కాదు. అందుకని రచయితలు దారుల్ని విడదీసి, కొంత దూరం పోయాక మళ్ళీ ఒక మలుపు దగ్గర కలిపేస్తారు. తర్వాతి భాగం ఉన్నంతకాలం, "ఫలితం ముందు ముందు చూస్తావులే" అని వాయిదా వెయ్యొచ్చు. చివరి భాగంలో ఆ సౌకర్యం లేదు. వాయిదా వేసిన బాకీలన్నీ ఒకేసారి తీర్చాలి. అసలు ఈ ఆట 2011 చివర్లో రావలసింది, మార్చికి జరిపారు. క్లయింటుకి తేదీ చెప్పేశాక పడే అవస్థ మన ఐటీవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అభిమానులు రెండు రకాలుగా స్పందించారు. ఒక వర్గం, ముగింపు మార్చమని అడుగుతూనే, జబ్బుపడ్డ పిల్లలకి సాయం చేసే చైల్డ్స్ ప్లే అనే సంస్థకి ఎనభై వేల డాలర్ల పైగా విరాళం పోగుచేసింది. ఆ డబ్బు ముగింపు మార్పించడానికే అనుకుని కొందరు ఇచ్చారని తెలిశాక, ఆ సంస్థే ఈ వసూలు ఆపేయమంది. ఇంకొందరు ఎడ్మంటన్ ఆఫీసుకి నాలుగొందల కప్‌కేకులు పంపించారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఏ రంగుది తిన్నా రుచి మాత్రం ఒక్కటే! కోపాన్ని ఇంత తీయగా చెప్పినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. సంస్థవాళ్ళు వాటిని దానమిచ్చేశారు. ఇంకో ఆటగాడు వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదే చేశాడు.

రెండో రకం, రచయితల్ని తిట్టినవాళ్ళు. ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. నేనూ ఒక ఉత్తరం రాశాను. అందులో వాడిన రెండు మాటలు రేడియోలో చెప్పలేను, మా అమ్మ వింటుంది. కథలో తప్పు చూపించడానికి ఆ మాటల అవసరం లేదు. తర్వాత రెండేళ్ళకి నేను పనిచేసిన ఒక ప్రాజెక్టు తేదీకి అందించాం గాని, అడిగినవాటిలో సగం లేవు. క్లయింటు మేనేజరు ఫోనులో మమ్మల్ని దులిపేశాడు. తప్పు మాదే. కానీ ఆ నెల మేమెవరం ఇంటికెళ్ళి సరిగ్గా నిద్రపోలేదన్నదీ నిజమే. ఫోను పెట్టేశాక నాకు నా ఉత్తరం గుర్తొచ్చింది.

సంస్థ ఏం చేసిందంటే, 2012 మార్చిలోనే వ్యవస్థాపకుల్లో ఒకరైన రే ముజైకా బహిరంగ లేఖ రాసి, అభిమానుల మాట వింటున్నామన్నారు. జూన్ 26న విస్తరించిన ముగింపు ఉచితంగా ఇచ్చారు. మూడు దారులూ మార్చలేదు గాని, ఏ దారిలో ఎవరేమయ్యారో చూపించారు. నాలుగోది కలిపారు: ఈ మూడూ నాకొద్దని తిరస్కరించవచ్చు, అప్పుడు రీపర్లే గెలుస్తాయి. 2013 మార్చిలో 'సిటడెల్' అని ఒక అదనపు భాగం అమ్మారు. అందులో పాత స్నేహితులందరూ షెపర్డ్ ఇంట్లో విందుకి కలుస్తారు. అభిమానులకి సిసలైన వీడ్కోలు అదే అనిపించింది. 2021లో మూడు ఆటలూ మెరుగులు దిద్ది కలిపి ఇచ్చారు. మావాడు ఆడింది అదే.

అంటే వాడు చూసింది సవరించిన ముగింపే. అయినా ఎందుకంత బాధపడ్డాడు? వాడు ఎర్రదారి ఎంచుకున్నాడు. ఆ దారిలో రీపర్లతో పాటు యంత్రాలన్నీ పోతాయి, తను సంధి చేసిన గెత్‌లు కూడా. "వాళ్ళు నన్ను నమ్మారు మామయ్యా. నేనే చంపేశాను" అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. కథ తప్పిందని నాకు కోపం, తను మాట తప్పానని వాడికి దుఃఖం. పన్నెండేళ్ళుగా నేనా ఆటని తిడుతున్నానే గాని, ఈ వైపు నించి ఆలోచించలేదు. "ఆట అయితే ఏమిట్రా, నువ్వు చేసింది ఆలోచించే కదా" అన్నాను. అప్పుడు మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాడు.

సాయంత్రం, ముగింపుకి ముందు దాచుకున్న ఫైల్ తెరిచి, వాడు వదిలేసిన ఆ విందు భాగం పెట్టించాను. బావగారు టీ కప్పుతో అటుగా వచ్చి, "ఆ ముసుగమ్మాయి ఎవర్రా?" అన్నారు. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ఓడల కథ, గ్రహం కథ, సంధి కథ. బావగారి టీ చల్లారిపోయింది. గరాజ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

కాబట్టి అమ్మానాన్నలకి నా మనవి. పిల్లలు ఏదైనా కథ బాగాలేదని అలిగితే, "ఉత్త ఆటే కదా" అనకండి. "ఎలా ఉండాలనుకున్నావు?" అని అడగండి. పిల్లలకి కూడా ఒక మాట: కథని ఎంతైనా విమర్శించండి, రాసినవాళ్ళని తిట్టకండి. అంతగా కోపమొస్తే కప్‌కేకులు పంపండి.

వచ్చే ఆదివారం పన్నుల లెక్కల గురించే మాట్లాడతాను, భయపడకండి. సెలవు.