కాగితం బొమ్మ నోరు విప్పాలంటే

కొత్తవలస నుంచి కిరందుల్ వెళ్లే రైలు మార్గంలో, చివరి మజిలీకి కాస్త ముందు వచ్చే ఊరు బచేలి. ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లాలోని ఈ ఊరిని ఆనుకుని ఉన్న బైలదిల్లా కొండల్లో 1968 నుంచి ఎన్ఎండీసీ ఇనుప ఖనిజాన్ని తవ్వుతోంది. ఆ గనులను నమ్ముకుని వచ్చినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వానాకాలంలో ఇక్కడ ఉతికిన బట్టలే ఓ పట్టాన ఆరవు. అలాంటి చోట బడి పిల్లల కోసం నోరు ఆడించే కాగితపు బొమ్మ చేయాలంటే? చేయడం తేలికే. వానల్లో దాని దవడ బిగుసుకుపోకుండా, బూజు పట్టకుండా చూడటమే అసలు పని. అందుకు కాస్త భౌతికశాస్త్రం తెలిస్తే చాలు.

గుజ్జు ఎందుకు గట్టిపడుతుంది?

కాగితమంటే సెల్యులోజ్ పీచుల అల్లిక. నీళ్లలో నానితే పీచుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, ఆరితే మళ్లీ ఏర్పడతాయి. మైదా జిగురు ఆ ఖాళీలను నింపుతుంది. మైదాను నీళ్లలో కలిపి 60 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేస్తే పిండి రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బి, చిక్కని జిగురవుతాయి. పచ్చి పిండి కలిపితే ఆ పట్టు రాదు.

ఈ విద్య మనకు కొత్త కాదు. పాత కాగితాలను మెంతులతో నానబెట్టి రుబ్బి, ఆ గుజ్జుతో బుట్టలు చేసుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. మెంతుల్లోని గెలాక్టోమానన్ అనే జిగట పదార్థం అక్కడ జిగురు పని చేస్తుంది. కొండపల్లి బొమ్మల్లో విడి భాగాలను అతికే మక్కులోనూ ఇదే సూత్రం: చింతగింజల పిండి జిగురు, రంపపు పొట్టు పీచు.

తల తయారీ

బంకమట్టితో తల ఆకారం చేసి, దానిపై మొదటి పొరగా జిగురు లేని తడి కాగితం ముక్కలు పరవాలి. తర్వాత జిగురు రాసిన ముక్కలతో ఆరేడు పొరలు వేయాలి. వార్తాపత్రికను ఒకవైపు చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచులు ఎక్కువగా ఒకే దిశలో సర్దుకోవడమే దీనికి కారణం. అందుకే ఒక పొరను నిలువుగా, మరో పొరను అడ్డంగా వేస్తే తల అన్ని వైపులా సమానంగా బలంగా ఉంటుంది.

పొరలన్నీ ఒకేరోజు వేయకండి. మందం రెట్టింపైతే లోపలి తేమ బయటికి రావడానికి పట్టే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. తొందరపడి పొయ్యి దగ్గర పెడితే పైపొర ముందే ఆరి కుంచించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉండి పగుళ్లు వస్తాయి. రోజుకు రెండు పొరలు వేసి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టడం మేలు. పూర్తిగా ఆరాక తలను కోసి, మట్టి తీసేసి, మళ్లీ అతకాలి.

దవడ ఒక తులాదండం

కింది దవడను విడిగా కోసి, చెవుల దగ్గర సైకిల్ చక్రం చువ్వను ఇరుసుగా గుచ్చాలి. తల లోపలి నుంచి ఒక రబ్బరు బ్యాండు దవడను పైకి లాగి నోరు మూసి ఉంచుతుంది. మెడ గుండా కిందికి దిగే దారాన్ని లాగితే నోరు తెరుచుకుంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. దవడ బరువు 40 గ్రాములు, దాని గరిమనాభి ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రబ్బరును ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరంలో కడితే, నోరు మూసి ఉంచడానికే అది 40×5÷2, అంటే 100 గ్రాముల బరువుకు సమానమైన బలంతో లాగాలి. దవడ బరువు రెట్టింపైతే ఆ బలమూ రెట్టింపవుతుంది. బిగువైన రబ్బరును సాగదీయలేక ఆడించేవారి వేలు త్వరగా అలసిపోతుంది. బోలుగా, తేలికగా ఉండే కాగితపు గుజ్జు ఇక్కడే పనికొస్తుంది.

దారాన్ని కూడా ఇరుసుకు 2 సెంటీమీటర్ల దూరంలోనే కట్టాలి. గడ్డం కొస 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దారం ముప్పావు సెంటీమీటరు కదిలితే చాలు, నోరు 3 సెంటీమీటర్లు తెరుచుకుంటుంది.

వానలకు విరుగుడు

కాగితం గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. దవడకు రెండు పక్కలా 2 మిల్లీమీటర్ల ఖాళీ వదలకపోతే వానాకాలంలో నోరు పట్టేస్తుంది. ఇరుసు రంధ్రంలో చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క అతికిస్తే చువ్వ కాగితాన్ని ఒరుసుకోదు. తలకు లోపలా బయటా వార్నిష్ పూస్తే తేమ ఎక్కడం నెమ్మదిస్తుంది. పుస్తకాల బైండింగ్ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. అది విషం కనుక పిల్లల బొమ్మకు వద్దు.

రంగుకు మాత్రం బైలదిల్లా ఖనిజాన్నే గుర్తుచేసుకోవచ్చు. ఆ కొండల్లోని హెమటైట్, మన అరుగులకు అలికే జాజులోని ఎరుపు రెండూ ఒకటే: ఐరన్ ఆక్సైడ్. ఎండకు వెలవదు, సీసం రంగుల్లా విషమూ కాదు.

తెలుగు మాట్లాడే దవడ

బొమ్మ నోటి కదలిక, వినిపించే మాట కలిస్తే మన మెదడు ఆ గొంతు బొమ్మదేనని నమ్ముతుంది. కంటికి కనిపించే పెదవులు చెవికి వినిపించే ధ్వనినే మార్చేయగలవని మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ 1976లో చూపించారు.

అచ్చు పలికినప్పుడు నోరు తెరవాలి; ప, బ, మ వంటి ఓష్ఠ్యాలకు పూర్తిగా మూయాలి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే వాక్యం అయ్యాక దారం వదలడం మరిచిపోతే బొమ్మ నోరు వెళ్లబెట్టుకుని ఉండిపోతుంది. అద్దం ముందు ‘మామిడిపండు’ అనిపించి చూడండి. దవడ ఐదుసార్లు తెరుచుకోవాలి. మా, మి, పం దగ్గర ముందుగా గట్టిగా మూసుకోవాలి. అది కుదిరితే బొమ్మకు మాటలొచ్చినట్టే.