పేగు అతుక్కి రక్తం అందుతోందా? చూపించే ఆకుపచ్చ రంగు

పెద్దపేగులో క్యాన్సర్ సోకిన భాగాన్ని కోసి తీశాక, మిగిలిన రెండు కొసల్నీ కలిపి అతకాలి. ఆ అతుకు మానాలంటే రెండు వైపులా రక్తం బాగా అందాలి. అందకపోతే కొన్ని రోజులకు అతుకు విడిపోయి, పేగులోని మలినం పొట్టలోకి కారుతుంది. మళ్లీ ఆపరేషన్, పొట్టకు సంచి, ఒక్కోసారి ప్రాణాపాయం. అందుకే సర్జన్లు కోసిన అంచు ఎర్రగా ఉందా, నెత్తురు వస్తోందా, పక్కనున్న ధమని వేలి కింద కొట్టుకుంటోందా అని చూసుకునేవారు. ల్యాపరోస్కోపీతో కోత చిన్నదైంది, నొప్పి తగ్గింది. కానీ నాడి చూసే వేలు పొట్ట బయటే ఉండిపోయింది. ఆ లోటు తీర్చడానికి అక్కరకొచ్చింది ఇండోసయనిన్ గ్రీన్ అనే పాత రంగు. ఆపరేషన్ థియేటర్లో దాన్ని ఐసీజీ అంటారు.

ఫొటో ఫిల్ములకు పేరుపొందిన కొడాక్ కంపెనీ పరిశోధనశాలలో ఇది తయారైంది. 1950లలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎర్ల్ వుడ్, ఇర్విన్ ఫాక్స్ గుండె ఎంత రక్తాన్ని పంపుతోందో కొలిచే పనిలో ఉన్నారు. రక్తంలోకి రంగు ఎక్కించి, అది పలచబడే తీరును కాంతితో కొలిచేవారు. అయితే ఆక్సిజన్ హెచ్చుతగ్గులతో రక్తం రంగే మారిపోయి కొలత తప్పేది. దాదాపు 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మాత్రం ఆక్సిజన్ ఉన్న రక్తమూ, లేని రక్తమూ కాంతిని ఒకేలా పీల్చుకుంటాయి. సరిగ్గా అక్కడ కాంతిని పీల్చే రంగు కోసం వెతికితే ఐసీజీ దొరికింది. 1959లో అమెరికాలో అనుమతి వచ్చింది.

గుండె కొలత కోసం ఎంచుకున్న ఆ గుణమే తర్వాత సర్జన్లకు పనికొచ్చింది. మన కంటికి కనిపించని ఆ పరారుణ కాంతి కణజాలంలో కొన్ని మిల్లీమీటర్ల లోతుకు వెళ్లగలదు. ఐసీజీ రక్తంలోని ప్రొటీన్లను అంటిపెట్టుకుని రక్తనాళాల్లోనే తిరుగుతుంది, ఆ కాంతి పడగానే తానూ పరారుణంలోనే వెలుగు చిమ్ముతుంది. కాలేయం దాన్ని త్వరగా పైత్యరసంలోకి తోసేస్తుంది. మూడు నాలుగు నిమిషాల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది కాబట్టి, అవసరమైతే కాసేపాగి మళ్లీ ఎక్కించవచ్చు. ఆ మసక వెలుగును అక్కడికక్కడే పట్టే కెమెరా మాత్రం చాలాకాలం లేదు. కెనడాకు చెందిన నోవాడక్ కంపెనీ స్పై కెమెరాకు గుండె బైపాస్ ఆపరేషన్ల కోసం 2005లో అమెరికా అనుమతి దొరికింది. 2011లో ఆపరేషన్లకు వాడే డావిన్సీ రోబోలోకీ ఇలాంటి కెమెరా చేరింది.

ఇప్పుడు థియేటర్లో జరిగేది ఇది. సీసాలో 25 మిల్లీగ్రాముల ముదురాకుపచ్చ పొడి ఉంటుంది. అందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి రోగికి దాని ఎలర్జీ ఉందేమో ముందే అడుగుతారు. పొడిని స్టెరైల్ వాటర్‌లో కలిపి, కొన్ని మిల్లీగ్రాములే మత్తు డాక్టరు నరంలోకి ఎక్కిస్తారు. సర్జన్ కెమెరాను పరారుణంలోకి మారుస్తారు. తెర నల్లబడుతుంది. నిమిషం అటూ ఇటూగా ముందు పేగును పట్టి ఉంచే పొరలోని ధమనులు, ఆ వెంటనే పేగు గోడ ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ పచ్చదనం కంప్యూటర్ వేసిన రంగు. ఒక్కోచోట వెలుగు గీత గీసినట్టు ఆగిపోతుంది. మామూలు కాంతిలో రెండు వైపులా ఒకే గులాబీ రంగు! సర్జన్ వెలుగున్న వైపుకి జరిగి కోస్తారు.

ఈ వెలుగును గుడ్డిగా నమ్మకూడదు. కెమెరా దగ్గరైతే కాంతి పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఆలస్యం చేస్తే, పక్క మడిలోంచి ఊట చేరినట్టు రక్తం సరిగా అందని భాగమూ మెల్లగా పచ్చబడుతుంది. అందుకే వెలుగు వచ్చిందా అన్నదాంతో పాటు ఎంత త్వరగా వచ్చిందన్నదీ చూడాలి. 2021లో వెలువడిన అమెరికా పరీక్షలో ఐసీజీ వాడినా, వాడకపోయినా అతుకు విడిపోవడంలో తేడా కనిపించలేదు. తగినంతమంది రోగులు చేరకముందే ఆ పరీక్ష ఆగిపోయింది. 2023లో జపాన్‌లో పురీషనాళ క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్షలో మాత్రం అతుకు విడిపోవడం 11.8 నుంచి 7.6 శాతానికి తగ్గింది.

ఆ నాలుగు శాతం చిన్నదేమీ కాదు. వంద ఆపరేషన్లలో నలుగురు అతుకు విడిపోయే ముప్పు తప్పించుకుని ఇంటికి వెళ్లడమే దానర్థం. ఇక తేల్చాల్సింది, ఎంత వెలుగు, ఎన్ని సెకన్లలో వస్తే ఆ అతుకు నిలుస్తుందన్నది. దానికి అంకెల్లో కొలమానం దొరికితే, అనుభవజ్ఞుడైన సర్జన్‌కు తెరపై తెలిసేది కొత్తగా చేరిన సర్జన్‌కూ అంతే స్పష్టంగా తెలుస్తుంది. రోగికి అసలు మేలు అప్పుడే.