నౌకను నేలమీదికి తెచ్చుట

ముత్తుకూరు చెంతనున్న కృష్ణపట్నము రేవునకు వచ్చు బొగ్గు ఓడలు, లోతుగా త్రవ్వియుంచిన మార్గము లేనిదే దరిచేరజాలవు. సైనికులను, టాంకులను దింపుటకై నిర్మింపబడిన ల్యాండింగ్ క్రాఫ్ట్‌కు మాత్రము రేవుతోనే పనిలేదు. అది చదునైన యడుగుతో ఇసుకమీదికే వచ్చి, ముందరి వాలుతలుపును దించి, పని తీరిన పిమ్మట వెనుక ముందుగానే జారవిడిచిన లంగరు త్రాటిని చుట్టుకొనుచు తన్ను తానే నీటిలోనికి లాగుకొనును. అట్టి నౌకయైనను, కొలువు ముగిసి యంత్రములు మూగవోయిన తరువాత, పరుల సాయము లేక అంగుళమైన కదలదు.

1944లో నార్మండీ తీరమునకు పది టాంకులను మోసికొనిపోయిన ఎల్‌సీటీ 7074 అను బ్రిటిష్ ల్యాండింగ్ క్రాఫ్ట్, యుద్ధానంతరము చేతులు మారి, కొంతకాలము నైట్‌క్లబ్బుగా వినోదము పంచి (యుద్ధనౌకకు ఇంతకంటె విచిత్రమైన వానప్రస్థ మెందును గానము!), కడకు బర్కెన్‌హెడ్ రేవులో మునిగిపోయెను. దానిని 2014లో పైకెత్తి, మరమ్మతు చేసి, 2020 ఆగస్టులో పోర్ట్స్‌మత్‌లోని ప్రదర్శనశాలకు చేర్చిరి. బరువు సుమారు 300 టన్నులు.

ఇంత బరువు నెత్తు క్రేనులు నేడు అరుదు గావు. చిక్కు బరువులో లేదు. నీటిలో నున్నంతకాలము ఆర్కిమిడీస్ చెప్పిన ఊర్ధ్వబలము అడుగుభాగము నంతటిని సమముగా మోయుచుండును. నీటిని విడిచిన మరుక్షణమే ఆ భారమంతయు మోకులు తగులు నాలుగైదు తావులమీద పడుటచే, నానిన చాపను రెండు కొనలు పట్టి యెత్తినట్లు నడుము క్రుంగి, తుప్పుపట్టిన రేకులు చీలవచ్చును. మోకుల వాలు మరియొక గండము. రెండు మోకులు నిట్టనిలువుగా నున్నచో ఒక్కొక్కటి 150 టన్నులు మోయును. క్షితిజరేఖతో 30 డిగ్రీల కోణమునకు వాలినచో ఒక్కొక్కదానిపై 300 టన్నుల బిగువు పడుటయే గాక, నౌక ప్రక్కలు లోనికి నొక్కబడును. కావుననే పైన అడ్డముగా ఉక్కుదూలము నుంచి, వెడల్పాటి పట్టీలను దానినుండి నిలువుగా వ్రేలాడదీయుదురు.

ఇంజనులు వెనుకభాగమున నుండుటచే ఈ నౌక గరిమనాభి నడిమధ్యన నుండదు. క్రేను కొక్కెము దానికి సరిగా పైన నిలువనిచో నౌక ఒరిగిపోవును. లోపల మిగిలిన నీరు ఘనమీటరునకొక టన్ను చొప్పున బరువగుటయే గాక, ఒరిగిన వైపునకే పరుగెత్తి ఆ ఒరుగును హెచ్చించును. బురదలో దిగబడిన యడుగును లేవనెత్తుటకు మొదట నౌక బరువును మించిన బలము కావలసివచ్చుటయు కలదు. అప్పుడు నీటిధారలతో బురదను సడలింతురు.

నేలమీద మోయు పని బహుచక్రముల ట్రెయిలరులది. నేలటూరు థర్మల్ కేంద్రము వంటి చోట్లకు పెద్ద ట్రాన్స్‌ఫార్మరులను చేర్చునవియు ఇట్టివే. ఇరుసుల హైడ్రాలిక్ సిలిండర్లు కొన్ని గుంపులుగా గొట్టములచే కలుపబడియుండుటవలన, పాస్కల్ నియమము ననుసరించి, బాట ఎగుడుదిగుడైనను ఒక్కొక్క గుంపులో ఒత్తిడి సమానమై, ఏ చక్రమును తన వంతును మించి మోయదు.

మన విశాఖవారు వేరు మార్గము త్రొక్కిరి. 1969 డిసెంబరు 18న నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించిన ఐఎన్ఎస్ కుర్‌సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. నీటిపై తేలునప్పటి బరువు రెండువేల టన్నులకు చేరువ. దానిని రామకృష్ణా బీచిలో సముద్రమునుండి ఇసుకమీదికి లాగి నిలిపిరి. 2002 ఆగస్టు 9న ప్రదర్శనశాల ప్రారంభమైనది. లోతునీటి ఒత్తిడికి తాళునట్లు కట్టబడిన దాని దళసరి దేహమునకు ఈ లాగుడు సరిపడినదే కాని, పలుచని రేకుల ల్యాండింగ్ క్రాఫ్ట్‌ను తుప్పుపట్టిన పిదప అట్లు లాగుట సాహసమనియే నా యభిప్రాయము.

ఇట్టి నౌకను తమ తీరమున నిలుపగోరు పురపాలకులు బేరమునకు ముందే రేకుల మందమును కొలిపించి, తరలింపు వ్యయమును లెక్కగట్టించుట మేలు. నౌక వెలకంటె ఆ వ్యయమే మిన్న కావచ్చును.